బల్లకట్టు ఆగిన రేవు: అలబామా నది వంపులో ఒక ఊరి పోరాటం

అమెరికా అనగానే మన ఊళ్లలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆకాశాన్నంటే మేడలు, డాలర్లు, కొడుకును అక్కడికి పంపిన వాళ్లు కట్టుకున్న కొత్త డాబా. ఆ దేశంలో కూడా పత్తి ఏరిన చేతులున్నాయని, షావుకారు పద్దులో పేరెక్కి తరతరాలుగా బయటపడని కుటుంబాలున్నాయని సంఘం సమావేశాల్లో మేము చెబితే, "నిజమేనా అన్నా?" అని అడుగుతారు. నిజమే. అందుకే ఈసారి మన ఊళ్ల సంగతులు కాస్త పక్కన పెట్టి ఒక అమెరికా నదీతీరం కథ చెప్పదలిచాము. మేము ఆ గట్టు తొక్కలేదు. కానీ పత్తి, అప్పు, జప్తు, రేవు – ఈ మాటలు తెలిసినవాళ్లకు ఆ ఊరు కొత్తగా ఏమీ అనిపించదు.

అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రం. అందులో విల్కాక్స్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే, కానీ జనం తక్కువ. 2020 లెక్కల ప్రకారం విల్కాక్స్‌లో ఉన్నది పదివేల ఆరు వందల మంది. వారిలో ఎక్కువమంది నల్లవాళ్లు. కౌంటీ మధ్య నుంచి అలబామా నది మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ ప్రాంతాన్ని 'బ్లాక్ బెల్ట్' అంటారు. ముందు నల్లరేగడి నేల వల్ల వచ్చిన పేరట. ఆ నేలలో పత్తి పండించడానికి నల్లజాతి బానిసలను తోలుకొచ్చాక, మనుషుల వల్ల కూడా ఆ పేరు నిలిచింది. నేలా నల్లదే, దాన్ని దున్నిన మనిషీ నల్లవాడే. పట్టాలు మాత్రం తెల్లవాళ్ల పేర ఉండేవి.

నది ఒకచోట గుర్రపు లాడంలాగా వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఉన్న ఊరు జీస్ బెండ్. అంటే 'జీ గారి వంపు'. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క ఒకటే దారి. ఎదుటి గట్టు మీదుగా కొద్ది మైళ్లు పోతే కౌంటీ కేంద్రం క్యామ్డెన్. అక్కడే కచేరీ, అక్కడే డాక్టరు, అక్కడే దుకాణాలు. బల్లకట్టు ఎక్కితే పావుగంటలో ఏరు దాటొచ్చు. రోడ్డున పోవాలంటే చుట్టూ తిరిగి 40 మైళ్ల దాకా పోవాలి. ఈ లెక్క పాఠకులు గుర్తుంచుకోవాలి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మనుషులతో కలిపి అమ్మిన పొలం

1816లో నార్త్ కరోలినా నుంచి జోసెఫ్ జీ అనే ఆసామి 18 మంది బానిసలతో వచ్చి ఈ వంపులో పత్తి తోట పెట్టాడు. అతని తర్వాత వారసులు అప్పులపాలయ్యారు. 1845లో ఆ అప్పు కింద పొలాన్ని, పొలంతోపాటు మనుషులను మార్క్ పెట్వే అనే బంధువుకు అప్పగించారు. పెట్వే నార్త్ కరోలినాలో తనకున్న బానిసలను కూడా ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఎలా తెచ్చాడు? దొర కుటుంబం బండ్లమీద వచ్చింది. సుమారు వందమంది బానిసలు వందల మైళ్లు నడిచొచ్చారు. ఈ ముచ్చట ఊరివాళ్లు తాతల నుంచి విని మనవలకు చెబుతూ వచ్చారు.

1865లో బానిసత్వం రద్దయింది. కాగితం మీద స్వేచ్ఛ వచ్చింది గాని కాళ్లకింద నేల మారలేదు. విడుదలైన వాళ్లు అక్కడే ఉండిపోయి ఆ పొలాన్నే పాలుకు, కౌలుకు చేశారు. దొర ఇంటిపేరే వాళ్ల ఇంటిపేరైంది. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎటు చూసినా పెట్వేలే. 19వ శతాబ్దం చివర ఆ భూమి పెట్వేల చేతి నుంచి టస్కలూసాలో ఉండే వాన్ డి గ్రాఫ్ అనే లాయరు చేతికి పోయింది. ఆయన పట్నంలో ఉండేవాడు, కౌలు పట్నానికి చేరేది. మనం 'ఊళ్లో లేని భూస్వామి' అనేది ఇలాంటి వాళ్లనే.

1932: పొయ్యి మీది గిన్నె తప్ప

కౌలుదారుకు విత్తనం, ఎరువు, ఉప్పు, పిండి అన్నీ అరువే. అరువిచ్చేది క్యామ్డెన్ షావుకారు. పత్తి తీశాక ఆ పత్తి షావుకారు గోదాముకు పోతుంది. ధర చెప్పేది ఆయనే, పద్దు రాసేది ఆయనే. చదువు రానివాడు అణా పైసల లెక్క ఎక్కడ అడుగుతాడు? అడిగినా ఎవరు చెబుతారు? మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో పౌనుకు 35 సెంట్లు పలికిన పత్తి 1932 నాటికి 6 సెంట్ల దగ్గరికి పడిపోయింది. పంట అదే, చాకిరీ అదే. అప్పు మాత్రం పాత ధరల నాటిది.

ఆ ఏడు ఆ షావుకారు చనిపోయాడు. బాకీలన్నీ వెంటనే కట్టమన్నారు వారసులు. ఎక్కడ కడతారు? పంట చేతికొచ్చే వేళకు బండ్లు, గుర్రాలు, తుపాకులు వేసుకుని మనుషులు ఊళ్లో దిగారు. అరవై కుటుంబాల దాకా జప్తు చేశారు. గాడిదజాతి పని పశువులు, ఆవులు, పందులు, కోళ్లు తోలుకుపోయారు. నాగళ్లు, బండ్లు పట్టుకుపోయారు. తిండికని దాచుకున్న మొక్కజొన్న, చిలగడదుంపలు కూడా ఎత్తుకుపోయారు. అప్పుకు పంట జమ కట్టడం ఎక్కడైనా చూశాం. ఇక్కడ మరుసటేడు దున్నడానికి నాగలి కూడా మిగల్చలేదు. అంటే వాళ్లు పాత బాకీ ఒక్కటే వసూలు చేసుకోలేదు, రేపటి కూడు కూడా లాక్కున్నారు. ఆ చలికాలం ఆ ఊరు రెడ్ క్రాస్ ఇచ్చిన పిండితో, అడవిలో దొరికిన కాయకసరుతో, వేటతో, చేపలతో ప్రాణం నిలుపుకుంది.

ఒక్కమాట ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేము. ఆ 1932 డిసెంబరులోనే, అదే అలబామాలో టాలపూసా కౌంటీలో, ఇలాగే ఒక నల్ల రైతు పశువులను జప్తు చేయడానికి పోలీసులు వచ్చారు. అక్కడ అప్పటికే పాలుకౌలుదార్ల సంఘం ఉంది. 1931లో కమ్యూనిస్టుల తోడ్పాటుతో పుట్టిన సంఘం అది. సభ్యులు వచ్చి ఆ రైతు ఇంటిముందు నిలబడ్డారు. కాల్పులు జరిగాయి. ఆ రైతు క్లిఫ్ జేమ్స్ జైల్లో ప్రాణం విడిచాడు. నెడ్ కాబ్ అనే మరో రైతు 12 ఏళ్లు శిక్ష అనుభవించాడు. నిలబడ్డందుకు మూల్యం చిన్నది కాదు. కానీ నిలబడేవాళ్లు ఉంటే జప్తు అంత సులువు కాదని కూడా అందరికీ తెలిసింది. జీస్ బెండ్‌లో ఆనాటికి అలాంటి సంఘం లేదు.

భూమి చేతికొచ్చిన వేళ

ఆకలి వార్త బయటికి పొక్కింది. దేశమంతా మాంద్యంలో ఉంది, రూజ్వెల్ట్ ప్రభుత్వం మీద ఒత్తిడి ఉంది. 1937లో ఆర్థర్ రాథ్‌స్టీన్ అనే ప్రభుత్వ ఫోటోగ్రాఫరు వచ్చి ఆ ఊరి ఫోటోలు తీశాడు. దుంగలు పేర్చి మట్టి మెత్తిన గుడిసెలు, చలిగాలి రాకుండా గోడలకు అతికించిన వార్తాపత్రికలు. ఆ ఫోటోలు ఈనాటికీ ఉన్నాయి, చూసినవాళ్లకు మన వాడల గోడలు గుర్తొస్తాయి.

అదే కాలంలో ప్రభుత్వం లాయరు దగ్గర నుంచి పదివేల ఎకరాల దాకా భూమి కొంది. కౌలుదార్లకు అప్పులిచ్చి పశువులు, విత్తనం సమకూర్చింది. బడి కట్టింది. సహకార పద్ధతిలో దుకాణం, పత్తి జిన్ను వచ్చాయి. వంద దాకా పలకల ఇళ్లు లేచాయి. వాటిని జనం 'రూజ్వెల్ట్ ఇళ్లు' అన్నారు. 1940లలో ఆ భూమిని, ఇళ్లను తక్కువ వడ్డీతో వాయిదాల మీద ఆ కుటుంబాలకే అమ్మారు. బానిసల మనవలు, మనవరాళ్లు తాతలు దున్నిన నేలకే హక్కుదార్లయ్యారు. చుట్టుపక్కల కౌంటీల్లో నల్లవాళ్లకు ఇలా భూమి దక్కడం అరుదు.

ప్రభుత్వం దయతలచి ఇచ్చిందని కొందరు రాస్తారు. వంద సంవత్సరాల చాకిరీకి కిస్తులు కట్టించుకుని భూమి ఇవ్వడం దయ ఎలా అవుతుంది? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పట్టా కాగితం ఏం చేసిందో 20 ఏళ్ల తర్వాత లోకానికి తెలిసింది.

ఓటు అడిగితే పడవ పోయింది

క్యామ్డెన్‌లో 1850లలో కట్టిన కచేరీ ఉంది. ముందు పెద్ద పెద్ద స్తంభాలు. ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవాలంటే అక్కడికే పోవాలి. 1960ల మొదట్లో విల్కాక్స్ జనంలో మూడొంతుల పైన నల్లవాళ్లే. ఓటర్ల జాబితాలో నల్లవాడి పేరు ఒక్కటి లేదు. అప్పటికి స్వేచ్ఛ వచ్చి వందేళ్లు కావస్తోంది!

ఎలా ఆపారు? చదువు పరీక్ష ఒకటి. దానికి తోడు విల్కాక్స్‌లో ఇంకొక మెలిక ఉంది. పేరు రాయించుకునేవాడి మంచితనానికి, అప్పటికే ఓటున్న మనిషి ఒకరు వచ్చి పూచీ చెప్పాలి. ఓటున్నవాళ్లంతా తెల్లవాళ్లే. నల్లవాడికి పూచీ చెప్పే తెల్లవాడు ఎవడు? గుమ్మం తెరిచే ఉంది, తాళం మాత్రం ఎదుటివాడి జేబులో ఉంది. ఈ పూచీ పద్ధతి చెల్లదని ఫెడరల్ కోర్టు చెప్పేసరికి 1965 వచ్చింది.

జీస్ బెండ్ వాళ్లు కదలడం మొదలుపెట్టిన రోజుల్లో, 1962లో, బల్లకట్టు ఆగిపోయింది. కౌంటీ పెద్దలు దాన్ని ఎత్తేశారు. "వాళ్లు నల్లవాళ్లని ఆపలేదు, నల్లవాళ్లమన్న సంగతి మరిచిపోయారు గనక ఆపాం" అని అప్పటి షెరీఫ్ అన్నాడని అక్కడ ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ మాట ఆయన నోటినుంచి వచ్చిందో లేదో గాని, జరిగిన పని మాత్రం ఆ మాటలాగే ఉంది. కచేరీ ఎదుటి గట్టు అవతలే ఉంది. పడవ లేకపోతే 40 మైళ్లు. కారు ఎందరికుంది? కాన్పు నొప్పులొచ్చిన మనిషికి, జ్వరంతో కాలిపోయే పిల్లవాడికి కూడా అదే 40 మైళ్లు.

అయినా 1963లో ఊరి రైతులు చుట్టు తిరిగి క్యామ్డెన్ పోయి కచేరీ మెట్లెక్కారు. పేర్లు రాసుకోలేదు. మళ్లీ పోయారు. ఆ కౌంటీలో ముందుగా ఆ మెట్లెక్కిన వాళ్లలో వీళ్లు ఉండడానికి కారణం ఉంది. వీళ్లను ఇంట్లోంచి వెళ్లగొట్టేందుకు దొర లేడు. ఇల్లు తమది, పొలం తమది. కౌంటీలో మిగతాచోట్ల ఓటు కోసం పోయిన కౌలుదార్లను భూస్వాములు రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. పట్టా ఉన్నవాడి వెన్నెముకకూ పట్టా లేనివాడి వెన్నెముకకూ తేడా దేవుడు పెట్టింది కాదు.

1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరి ప్లెజెంట్ గ్రోవ్ చర్చికి వచ్చాడు. వానలో, రాత్రిపూట జనం ఆయన కోసం కాచుకుని కూర్చున్నారు. మార్చిలో, ఇదే నది గట్టునున్న సెల్మా పట్నంలో వంతెన మీద ఊరేగింపును పోలీసులు రక్తం కారేలా కొట్టారు. ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా, 1966 జనవరిలో క్యామ్డెన్‌లో ఆంటియాక్ చర్చి ముందు డేవిడ్ కోల్‌స్టన్ అనే నల్లజాతి మనిషిని కాల్చి చంపారు. ఆ చర్చి ఉద్యమకారులు సభలు పెట్టుకునే చోటు. ఇన్ని దాటుకుని 1978లో విల్కాక్స్ ప్రజలు ప్రిన్స్ ఆర్నాల్డ్ అనే నల్లజాతి మనిషిని షెరీఫ్‌గా గెలిపించారు. ఏ కుర్చీ ముందు తాతలు టోపీ తీసి నిలబడ్డారో ఆ కుర్చీలో ఓటుతో మనవడు కూర్చున్నాడు.

బొంతల సంఘం

ఆ ఊరి ఆడవాళ్ల సంగతి చెప్పాలి. పాత చీరలు కలిపి మన తల్లులు కుట్టే బొంత మనకు తెలుసు. వాళ్లూ కుట్టేవాళ్లు. చిరిగిన పని ప్యాంట్లు, పిండి సంచులు, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన నీలిగుడ్డ – ఏదీ పారేయరు. 1942లో మిజోరీ పెట్వే అనే ఆమె, చనిపోయిన భర్త పని బట్టలను కత్తిరించి బొంత కుట్టుకుంది. అది కప్పుకుంటే మనిషి దగ్గరున్నట్టే ఉంటుందని ఆమె అనుకుంది. చెమట ఇంకిన గుడ్డ, పొలం మట్టి మరకలతో సహా, ఈనాడు కళాఖండంగా పేరు తెచ్చుకుంది.

1966 మార్చిలో అరవైమంది పైగా ఆడవాళ్లు కలిసి 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. అంటే స్వేచ్ఛా బొంతల సంఘం. ఫ్రాన్సిస్ వాల్టర్ అనే పాదిరి ఇల్లిల్లూ తిరిగి, ఒక్కోదానికి పది డాలర్లిచ్చి బొంతలు కొని న్యూయార్కులో వేలం వేయించాడు. ఆ డబ్బుతో మొదలైంది. ఎస్టెల్ విథర్‌స్పూన్ చాలా ఏళ్లు ఆ సంఘాన్ని నడిపింది. వాళ్లు చేసిన పనుల్లో మాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇది. సంఘం డబ్బుతో 23 ఎకరాలు కొన్నారు. అందులో కుట్టుపని షెడ్డు కట్టారు. మిగిలిన నేలలో, ఓటు కోసం పోయి ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు స్థలాలిచ్చారు. దొర వెళ్లగొట్టిన వాళ్లకు బొంతలు కుట్టిన చేతులు ఇంటి జాగా చూపించాయి. 2012లో ఆ సంఘం మూతపడింది. అయినా ఆ 23 ఎకరాల కథ మూతపడదు.

మగవాళ్లూ ఊరుకోలేదు. 1967లో విల్కాక్స్‌తో కలిపి పది కౌంటీల రైతులు ఒక సహకార సంఘం కట్టి పత్తి బదులు బెండ, దోస, బఠాణీ వేశారు. పత్తి షావుకారు చేతిలోంచి బయటపడడమే వాళ్ల ఆలోచన. ఫెడరల్ ప్రభుత్వం వాళ్లకు డబ్బు మంజూరు చేస్తే రాష్ట్ర గవర్నరు అడ్డుపడింది. ఆ అడ్డు తోసేసి నిధులు తెచ్చుకున్నారు.

నీళ్లు మళ్లీ వచ్చాయి

ఈలోగా నదికి కిందిభాగాన మిల్లర్స్ ఫెర్రీ ఆనకట్ట కట్టారు. 1960ల చివరికి 17 వేల ఎకరాల జలాశయం నిండింది. కరెంటు వచ్చింది, సరుకు పడవలకు వీలైంది. జీస్ బెండ్ ఒడ్డునున్న ఒండ్రు పొలాల్లో మంచి భాగం నీళ్లకింద పోయింది. పడవ తీసేసిన చోటే నది ఇంకా వెడల్పయింది. ప్రాజెక్టు కింద ఊరు పోవడమంటే ఏమిటో మన పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు. పొలం తగ్గాక పిల్లలు పట్నాల దారి పట్టారు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 1920లో అమెరికాలో నల్ల రైతులు 9 లక్షల 25 వేలు. నేడు 50 వేలకు లోపే. అప్పులివ్వడంలో వివక్ష చూపారని వాళ్లు వ్యవసాయ శాఖ మీద కేసు వేస్తే 1999లో ప్రభుత్వం పరిహారానికి ఒప్పుకుంది. అప్పటికి ఎందరి పొలాలు చేజారాయో!

2002లో జీస్ బెండ్ బొంతలు హ్యూస్టన్, న్యూయార్కు మ్యూజియంల గోడలకెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా శాఖ పది స్టాంపులు వేసింది. ఆ ఏడే, సెప్టెంబరులో, బల్లకట్టు తిరిగొచ్చింది. 1962 నుంచి 2006 దాకా, 44 ఏళ్లు! పడవ ఆగినప్పుడు చంకలో ఉన్న బిడ్డ, తిరిగొచ్చేసరికి తాతయ్యే వయసుకొచ్చాడు. 2019లో దాన్ని కరెంటు బ్యాటరీలతో నడిచేలా మార్చారు. మనుషులనూ కార్లనూ దాటించే ఇలాంటి పడవ అమెరికాలో అదే మొదటిదని గొప్పగా చెప్పుకుంటారు. మంచిదే. కానీ చమురుతో నడిచినా కరెంటుతో నడిచినా, పావుగంటలో ఆస్పత్రికి పోగలగడం ఆ ఊరికి ముందే ఉన్న సౌకర్యం. దొంగిలించిన దాన్ని తిరిగిచ్చి కొత్తగా ఇచ్చినట్టు కొబ్బరికాయ కొట్టడం పాలకులకు ఎక్కడైనా అలవాటే.

ఈ కథ విన్నాక మన గ్రామ కమిటీల్లో మూడు సంగతులు అడిగి రాసుకోవాలని మా మనవి. మన వాడలో నేల ఎవరి పేరున ఉంది? అప్పు పద్దు ఎవరి చేతిలో ఉంది? ఊరినుంచి ఆఫీసుకు, ఆస్పత్రికి పోయే దారి ఎవరి చేతిలో ఉంది? జీస్ బెండ్ వాళ్ల నుంచి పద్దు చేతిలో ఉన్నవాడు నాగలి పట్టుకుపోయాడు, దారి చేతిలో ఉన్నవాడు పడవ పట్టుకుపోయాడు. నేల తమ చేతిలో ఉంది గనక వాళ్లు చుట్టు తిరిగైనా కచేరీ మెట్లెక్కారు. మొదటి ప్రశ్నకు జవాబు రాసుకునే దగ్గరే మన పని మొదలవుతుంది.